కాణిపాకంలో ఎస్తేరమ్మ ఆవు

సెర్చ్ ఇంజన్ పని అంటే ఏమిటని కొత్తగా చేరిన పిల్లలు అడిగితే చాలా ఏళ్లు గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎవరు ఎక్కడున్నారని మనుషులు అడుగుతారు. మనం ఏసీ కింద కూర్చుని, ఆ ఊరి ముఖం ఎన్నడూ చూడకుండా, జవాబు చెబుతాం. జవాబు ఎంత వేగంగా వచ్చిందో మనం చూసుకుంటాం. అది నిజమో కాదో అక్కడికి వెళ్ళినవాడు చూసుకుంటాడు.

నా పేరు దామోదరం. తిరుపతిలో చదువుకుని, చిత్తూరు దగ్గర ఒక పాల డెయిరీలో కంప్యూటర్ విభాగంలో చేరి, యాభై దాటిన కొన్నాళ్లకే ఉద్యోగం మానుకున్నాను. స్వచ్ఛందంగా మానుకున్నట్టు కాగితాల్లో ఉంది. మా ఆవిడ మాత్రం, "మీరు మానుకున్నారో, మీకు నిద్ర పట్టక మానుకున్నారో నాకు తెలీదా?" అంటుంది.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవన్నీ నా తప్పులు బయటపడక ముందు వచ్చినవే. మునిరత్నం అనే మనిషి పేరు మీద నా చేత్తో పడిన మచ్చ ఒకటుంది. దాని గురించి రాస్తాను. మిగతావి దానికి దారి చూపించడానికే.

అద్దెకు తీసుకున్న మేఘం

మా డెయిరీకి పాలు పోసే రైతులు జిల్లా అంతటా ఉన్నారు. ఆవుకు జబ్బు చేస్తే రైతు డెయిరీకి ఫోన్ చేస్తాడు. మోటార్ సైకిల్ మీద మందుల పెట్టెతో తిరిగే పశువైద్య సహాయకుల్లో దగ్గరున్నవాడు వెంటనే పోవాలి. ఊళ్లలో వాళ్లనే డాక్టర్లంటారు. దగ్గరున్నవాడు ఎవరో చెప్పే యంత్రాన్ని తయారు చేయడం నా పని.

సొంత సర్వర్ పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడల్లా అది పడుకునేది. అందుకని క్లౌడ్‌లో ఒక సెర్చ్ ఇంజన్‌ను అద్దెకు తీసుకున్నాం. క్లౌడ్ అంటే ఎక్కడో దూరాన ఒక కంపెనీ నడిపే కంప్యూటర్లు. కాపలా, మరమ్మతులు ఆ కంపెనీ చూసుకుంటుంది. వివరాలు నింపడం, ప్రశ్నలు అడగడం మన పని. ఒక్కో రైతుకు ఒక్కో డాక్యుమెంట్. అందులో పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆవులెన్ని, ఇల్లు ఉన్న చోటు. ఆ చోటును అక్షాంశం, రేఖాంశం అని రెండు అంకెలుగా ఇస్తే చాలు. ఈ చుక్క చుట్టూ పది కిలోమీటర్లలో ఎవరున్నారో దగ్గర నుంచి దూరానికి వరసగా చెప్పమంటే, రెప్ప వేసేలోగా చెబుతుంది.

మా మేనేజరు చెంగల్రాయులు గారికి కంప్యూటర్ తెలియదు గానీ అద్దె ఇళ్ల సంగతి బాగా తెలుసు.

"బాడుగింట్లో ఏదన్నా పగిలితే ఎవురిదప్పా బాధ్యత?" అని అడిగారు.

"గోడలు వాళ్లవి సార్. లోపలి సామాను మనది" అన్నాను.

నా ఉద్యోగంలో నేను చెప్పిన అత్యంత సరైన మాట అదే. దాని అర్థం నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మొదటిసారి అందరి ముందూ మ్యాప్ తెరిచి చూపించిన రోజున జిల్లాలో ఒక్క చుక్కా లేదు. వెనక్కీ ముందుకీ జరిపాను. చివరికి ప్రపంచం మొత్తం కనిపించేలా చేస్తే, రైతులందరూ ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో కుప్పగా ఉన్నారు. ఆ ఇంజన్‌కు చోటు చెప్పడానికి రెండు మూడు పద్ధతులున్నాయి. ఒక పద్ధతిలో అక్షాంశం ముందు రాయాలి, ఇంకొకదానిలో రేఖాంశం ముందు రాయాలి. నేను తారుమారు చేశాను. ఇంజన్ ఒక్క మాట కూడా అనలేదు. తారుమారైనా ఆ రెండు అంకెలూ భూమి మీదవే మరి!

చెంగల్రాయులు గారు కళ్లజోడు సర్దుకుని, "మన ఆవులు ఆ చలికి తట్టుకుంటాయా దామోదరం?" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నానే గానీ, తప్పు చోటు చెప్పినా ఈ యంత్రం నోరు మెదపదన్న పాఠాన్ని మనసులో పెట్టుకోలేదు.

కొండ అడ్డమొచ్చిన సంగతి

ఇంజన్ కొలిచే దూరం పక్షి ఎగిరే దూరం. మన సహాయకులు పక్షులు కారు. చంద్రగిరిలో ఉండే మా సహాయకుణ్ణి ఒకసారి కొండకు అవతలి ఊరికి పంపించాను. మ్యాప్‌లో అది పక్కనే ఉంది. అతను సగం దారి నుంచి ఫోన్ చేశాడు.

"సార్, పోతాను గానీ, నాకు రెక్కలు పంపించండి."

ఆ తర్వాత కొండల చుట్టూ గీత గీసి, దాన్ని దాటి సహాయకుణ్ణి రైతుకు జత చేయొద్దని ఇంజన్‌కు చెప్పాను. అలాంటి గీతలు కూడా దానికి బాగా అర్థమవుతాయి. నాకు అర్థం కావాల్సింది వేరే ఉంది. చెంగల్రాయులు గారు ఆ రోజు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"వారానికి ఒక పొద్దన్నా ఆఫీసు వదిలి ఊర్లు తిరగప్పా. నువ్వు గీసే గీత మీద నువ్వొకసారి నడిచి సూడు."

"అట్లాగే సార్" అన్నాను. ఒక్కసారీ పోలేదు. ఎండ ఎక్కువ, దుమ్ము ఎక్కువ, పైగా మ్యాప్ నా చేతిలోనే ఉంది కదా అనుకున్నాను. కొత్తగా వచ్చిన పిల్లలకు నేను చెప్పగలిగిన సలహా ఏదైనా ఉంటే అది ఆయనదే. నేను పాటించలేదు కాబట్టి అది ఇంకా కొత్తగానే ఉంది, తీసుకోండి.

సామి పేరు మీద మొదటి డాక్యుమెంట్

మా వైపు ఏ పని మొదలుపెట్టినా కాణిపాకం వినాయకుణ్ణి తలుచుకోనిదే ముందుకు కదలరు. కొత్త లారీ కొన్నా, కొత్త అంగడి తెరిచినా ముందు అక్కడికి పోయి వస్తారు. సెర్చ్ ఇంజన్‌ను గుడి ముందు నిలబెట్టి పూజ చేయించడం కుదరదు కనుక, మొదటి డాక్యుమెంట్ సామి పేరు మీద ఉండాలన్నారు చెంగల్రాయులు గారు. పేరు: వరసిద్ధి వినాయకుడు. ఊరు: కాణిపాకం. చోటు: గుడి ముందరి చుక్క.

"ఆవులు ఎన్నని పెట్టినావు?" అని అడిగారు.

"సున్నా సార్."

"సామికి సున్నా ఆవులా? ఒకటన్నా పెట్టప్పా!"

ఒకటి పెట్టాను. పాలు పోసేది మాత్రం సున్నాగానే ఉంచాను. అందుకు ఆయన ఒప్పుకున్నారు.

తర్వాత అసలు రైతుల వివరాలు రావడం మొదలైంది. మా మనుషులు ఇంటింటికీ పోయి, వాకిట్లో నిలబడి ఫోన్‌లో బటన్ నొక్కితే ఆ ఇంటి చోటు నమోదవుతుంది. సిగ్నల్ లేని ఊళ్లలో ఆ గడి ఖాళీగా మిగిలిపోయింది. గడి ఖాళీగా ఉన్న రైతును దూరం చూసి వెతికే ప్రశ్నల్లో ఇంజన్ అసలు చూపించదు. అది న్యాయమే. ఎక్కడున్నాడో తెలియనివాణ్ణి దగ్గరున్నాడని ఎలా చెబుతుంది? కానీ రైతులు ఊరుకోలేదు. మేము పోసేవి పాలు కావా, మా ఆవులవి జబ్బులు కావా అని గొడవ పెట్టారు. చెంగల్రాయులు గారు, "రేపటికల్లా అందరూ కనపడాల" అన్నారు.

సరైన పని ఏమిటంటే, మనుషుల్ని ఆ ఊళ్లకు మళ్లీ పంపడం. నేను చేసింది ఏమిటంటే, ప్రోగ్రాంలో ఒకే ఒక్క వరస రాయడం. చోటు ఖాళీగా ఉంటే మొదటి డాక్యుమెంట్‌లోని చోటు తీసుకోమన్నాను. అంటే కాణిపాకం గుడి. తర్వాత సరిచేద్దామనుకున్నాను. మా వృత్తిలో "తర్వాత" అన్న మాటకు ఎన్నటికీ కాదని అర్థం. ఆ సాయంత్రానికే అందరూ కనిపించారు. ఆయన నా భుజం తట్టారు. నేను ఇంటికి పోతూ మిఠాయి కూడా కొన్నాను.

అంతటితో ఆగి ఉంటే సగం నష్టమే జరిగేది. సహాయకుడి ఫోన్‌లోనూ, ఫోన్లు ఎత్తే కాల్ సెంటర్‌లోనూ కనిపించే స్క్రీన్ అందంగా, ఖాళీగా ఉండాలని నాకొక పిచ్చి. గుర్తు పెట్టిన చుక్క ఉండగా ఊరి పేరు ఎందుకని తీసేశాను. రైతు పేరు, ఫోన్ నంబరు, చుక్క, అంతే మిగిలాయి. ఆ స్క్రీన్ ఎంత బాగుందో చూడమని మా ఆవిడకు చూపించాను కూడా. "ఊరి పేరేది?" అంది. నీకు తెలియదులే అన్నాను.

గుడి ముందర

వడమాలపేట దగ్గర ఒక చిన్న ఊళ్లో ఎస్తేరమ్మ అని ఒకామె ఉంది. భర్త లేడు. ఒకే ఒక ఆవు. దాని పాలమీదే ఇల్లు నడిచేది. ఒక మధ్యాహ్నం ఆ ఆవుకు నొప్పులు మొదలయ్యాయి. దూడ అడ్డం తిరిగింది. ఆమె పక్కింటి వాళ్ల ఫోన్ తీసుకుని, సిగ్నల్ కోసం వాళ్ల మిద్దె ఎక్కి డెయిరీకి చేసింది.

కాల్ సెంటర్‌లో హేమ అనే అమ్మాయి ఎస్తేరమ్మ పేరు కొట్టింది. ఎస్తేరమ్మ వాకిట్లో సిగ్నల్ లేక ఆమె చోటు గడి ఖాళీగా మిగిలింది కనుక, నా పుణ్యమా అని, ఆమె ఇల్లు కాణిపాకం గుడి ముందర ఉంది. కాణిపాకానికి దగ్గరున్న సహాయకుడు మునిరత్నం. అతనికి కబురు పోయింది. అతను కాసేపటికే చుక్క దగ్గరికి చేరాడు.

అక్కడ భక్తులు, పూల అంగళ్లు, చెప్పుల స్టాండు. ఆవు లేదు. మునిరత్నం పూలమ్మే ఆమెను అడిగాడు.

"అమ్మా, ఈడ ఎస్తేరమ్మ ఇల్లు యాడ? ఆవు ఈనలేక కష్టపడతా ఉండాదంట."

ఆమె దండ కట్టడం ఆపి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "వినాయకుని గుడికాడ ఎస్తేరమ్మను ఎతకతా ఉండావా? ఏందప్పా, పట్టపగలే ఏమన్నా తాగినావా?"

పక్క అంగడి వాళ్లు నవ్వారు. అతను వీధి వీధీ తిరిగాడు. స్క్రీన్ మీదున్న నంబరుకు చేస్తే స్విచాఫ్. చుక్క మాత్రం గుడి దగ్గరే ఉండాలని మొండికేసింది.

ఈలోగా ఎస్తేరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఆ మాటలు రికార్డయ్యాయి. తర్వాత జరిగిన విచారణలో వాటిని ఎవరూ అడగలేదు. నేను మాత్రం విన్నాను, ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి.

"డాక్టరు వచ్చేసినాడమ్మా. మీ ఇంటికాడే ఉండాడని చూపిస్తా ఉండాది" అంది హేమ.

"నా ఇంటికాడ నేనే గదా తల్లీ ఉండేది! ఈడ ఎవురూ లేరు."

"లేదమ్మా, కాణిపాకం గుడి ముందరే ఉండాడు, సూడండి."

"కాణిపాకమా? మాది వడమాలపేట పక్కన. నా ఆవు సస్తా ఉంటే ఆ డాక్టరు సామి దర్శనానికి పొయ్యినాడా?"

చంద్రగిరిలో ఉన్న సహాయకుడు ఆ మధ్యాహ్నమంతా ఖాళీగానే ఉన్నాడు. అక్కడి నుంచి ఆమె ఊరు ఎంతో దూరం కాదు. కానీ కేసు ఒకరు తీసుకున్నట్టు, పైగా చేరుకున్నట్టు నా సిస్టం చూపిస్తోంది. అందుకని అతని ఫోన్ మోగలేదు. హేమ కంగారులో మునిరత్నానికే ఊరి పేరు చెప్పింది. అతను ఇది నా పరిధి కాదనలేదు. బండి తిప్పి, జిల్లాను ఈ చివర నుంచి ఆ చివరకు దాటుకుంటూ పోయాడు.

అతను చేరేసరికి దూడా లేదు, ఆవూ లేదు. వాకిట్లో ఊరంతా నిలబడి ఉంది. ఎస్తేరమ్మ అతన్ని గడప దాటనివ్వలేదు.

"దర్శనం బాగా అయ్యిందా నాయనా?" అని మాత్రం అడిగిందట.

విచారణ

ఆ మాట పాల కేంద్రాల వెంట అతని కంటే ముందు చిత్తూరు చేరింది. రెండు రోజులకు చెంగల్రాయులు గారి గదిలో విచారణ. ఆయన, నేను, మునిరత్నం. నా సిస్టమే సాక్షి. ఎస్తేరమ్మ కేసు తీసుకున్నట్టు, ఆ తర్వాత చాలాసేపు గుడి చుట్టూ తిరిగినట్టు స్పష్టంగా చూపిస్తోంది. అంతకంటే బలమైన సాక్ష్యం ఏముంటుంది?

"ఫోనే నన్ను ఆడికి తీసకపొయ్యింది సార్" అన్నాడు మునిరత్నం. "నేను గుడి లోపలికే పోలేదు. బయటనే ఎతికినాను."

చెంగల్రాయులు గారు నా వైపు తిరిగారు. "ఏం దామోదరం, మన సిస్టం తప్పు చూపిస్తాదా?"

అప్పటికే నాకు తెలుసు. ముందు రోజు సాయంత్రమే, గుడి చుట్టూ ఒక కిలోమీటరు లోపల ఎవరున్నారని ఇంజన్‌ను అడిగాను. వస్తూనే ఉన్నారు. సత్యవేడు, కుప్పం, పలమనేరు, ఎక్కడెక్కడి రైతులో సామి చుట్టూ గుంపుగా నిలబడ్డారు. వాళ్ల మధ్యలో ఒక్క ఆవుతో వినాయకుడు. ఎవరికీ చెప్పకుండా ఆ వరస తీసేసి, ఊరి పేరు మళ్లీ స్క్రీన్ మీదికి తెచ్చి, ఇంటికి పోయి అన్నం తిన్నాను.

"సిస్టం ఉన్నదే చూపిస్తుంది సార్" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. సిస్టంలో ఉన్నదే అది చూపించింది. అందులో అది పెట్టిందెవరో చెప్పలేదంతే. మా వృత్తిలో ఇలాంటి వాక్యాలు బాగా వస్తాయి. నాకు మరీ బాగా వచ్చేవి.

మునిరత్నం ముఖం ఎర్రబడింది. "అట్లయితే కాణిపాకం పోదాం పదండి. సామి ముందర నిలబడి నేను లోపలికి పోలేదని ప్రమాణం చేస్తా. మీ సిస్టంలో తప్పు లేదని ఈ సారు ప్రమాణం చెయ్యమనండి."

మా జిల్లాలో ఆ మాట ఊరికే అనరు. స్నానం చేసి తడిబట్టలతో సామి ముందు నిలబడి అబద్ధం చెప్పిన వాడు బాగుపడడని అందరికీ నమ్మకం. పొలం గట్ల తగాదాలు కూడా అక్కడ తేలిపోతాయి. నేను ఇలాంటివి నమ్మనని ఆఫీసులో అందరికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఆ క్షణంలో మాత్రం తడిబట్టల్లో నాకు నేనే కనిపించాను.

"టెక్నికల్ విషయాలకు ప్రమాణాలేంటి సార్?" అని నవ్వాను.

చెంగల్రాయులు గారు నన్ను కాసేపు చూశారు. ఏమనుకున్నారో తెలియదు. మునిరత్నం ఉద్యోగం పోయింది. నాకు ఆ ఏడాది మంచి పనితనానికి శాలువా కప్పారు. అది ఇంట్లో ఎక్కడుందో వెతకలేదు.

దాణా అంగడి

ఉద్యోగం మానుకున్నాక ఒకరోజు చిత్తూరు బజారులో పోతుంటే, ఒక దాణా అంగట్లో మునిరత్నం బస్తా మోస్తూ కనిపించాడు. తల నెరిసింది. తవుడు కొనడానికి వచ్చిన రైతు, "ఏం దర్శనం డాక్టరూ, నల్ల తవుడు ఉండాదా?" అని కేకేశాడు. మునిరత్నం మామూలుగా, "ఉండాదన్నా" అన్నాడు. ఆ పేరు అతనికి అలవాటైపోయింది.

నేను దాణా చెక్క బస్తాల వెనక దాక్కున్నాను. ఇంత వయసు మనిషి వేరుశనగ చెక్క వెనక నక్కి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అంగడి యజమాని వచ్చి, "ఎన్ని బస్తాలు కావాల సార్?" అని అడిగాడు. ఆవు లేని ఇంటికి ఒక బస్తా చెక్క కొనుక్కుని పోయాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి ముందు వైపు నుంచి. అంతా చెప్పాను. మొదటి డాక్యుమెంట్, ఆ ఒక్క వరస, తీసేసిన ఊరి పేరు, విచారణలో నా మాట. మునిరత్నం బస్తా మూతి కుడుతూ విన్నాడు. దారం తెంచి సూది పక్కన పెట్టాడు.

"కాణిపాకం పోదామా?" అన్నాను. "నేనే సామి ముందర చెబుతాను."

"సామికి తెలీదా సార్? ఆయన్ని మళ్లా ఎందుకు ఇబ్బంది పెట్టేది" అన్నాడు. సూది మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఆ పొద్దు గుడి వాకిట్లోనే అంతసేపు తిరిగినా. లోపలికి పోయి ఒక దండమన్నా పెట్టుకోలేదు. పెట్టుకొని ఉంటే, ఆమె అన్న మాటకైనా న్యాయముండేది" అన్నాడు.

 డెయిరీకి పోయి చెబుతానన్నాను.

"చెప్పండి. ఆడ నాకు పనేమీ లేదు ఇంక. ఎస్తేరమ్మకు చెప్పండి. ఆయమ్మ నోట్లోనుంచే ఆ పేరు వచ్చింది. ఆమె కాదంటే పోతాది."

డెయిరీలో ముందు చెప్పాను. ఇప్పుడున్న వాళ్లు మర్యాదగా విని, పాత సంగతులు కదా సార్ అని కాఫీ ఇచ్చారు.

వాకిలి

ఎస్తేరమ్మ ఇల్లు నాకు తెలియదు. జిల్లాలో ప్రతి రైతు ఇల్లూ చూపించే యంత్రం కట్టినవాణ్ణి, వెనక సీట్లో కూర్చుని మునిరత్నం బండి మీద పోయాను. ఆమె ఇంటి ముందర అతను బండి ఆపాడు. ముందు మీరు పొండి అన్నట్టు చేయి చూపించాడు. వాకిలి బయటే నిలబడ్డాడు.

ఎస్తేరమ్మ చేటలో చింతకాయలు పెట్టుకుని కూర్చుని ఉంది. కొట్టంలో ఇంకో ఆవు ఉంది. నన్ను చూసి ఓట్లకు వచ్చిన మనిషేమో అనుకుంది. నేను కూర్చోకుండా, మధ్యలో ఆగకుండా చెప్పాను. సెర్చ్ ఇంజన్ అంటే ఆమెకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది.

"అంటే, నా ఇల్లు నువ్వు గుడికాడ పెట్టినావు."

"అవునమ్మా."

"ఆదివారం పూట చర్చి తప్పనిదాన్ని, నన్ను తీసకపోయి వినాయకుని వాకిట్లో పెట్టినావు."

"అవునమ్మా."

"ఆ డాక్టరు తప్పేమీ లేదు."

"లేదమ్మా. అతను ఫోన్ చెప్పిన చోటికే పోయినాడు. గుడి లోపలికి కూడా పోలేదు. నాకు ఆ పొద్దే తెలుసు. చెప్పలేదు."

ఆమె చింతకాయలు పక్కన పెట్టింది. నన్ను తిడుతుందని నిలబడ్డాను. తిట్టడానికి కూడా నా మీద అంత ఇష్టం లేనట్టుంది. కొట్టం వైపు తిరిగింది. "సచ్చిపొయ్యిన ఆ ఆవు పేరు మరియ" అంది. 

తర్వాత, "ఇప్పుడన్నా నా ఇల్లు యాడుండాదో ఆ ఫోన్లో పెట్టినారా?" అని అడిగింది.

తెలియదన్నాను. డెయిరీలో కాఫీ ఇచ్చిన కుర్రాడి నంబరు నా దగ్గరుంది. వాకిట్లో సిగ్నల్ లేదు. కొట్టం పక్కకు పోయాను, ఆవు వెనక్కి పోయాను, పేడకుప్ప ఎక్కాను. అక్కడ రెండు గీతలు వచ్చాయి. నిలబడి, ఉన్న చోటు పంపించే బటన్ నొక్కాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక రైతు ఇంటి దగ్గర నిలబడి నేను నొక్కిన మొదటి బటన్ అది. ఉద్యోగం లేనప్పుడు నొక్కాను.

దిగి వచ్చేసరికి ఎస్తేరమ్మ వాకిలి దాకా నడిచి పోయి ఉంది. మునిరత్నం తలవంచుకుని బండి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా డాక్టరూ, బయటనే నిలబడతావా? లోపలికి రా. ఈ ఆవు రెండు దినాలుగా మేత సరిగ్గా తినలేదు, సూద్దువు గానీ" అంది.

అతను చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వచ్చాడు. ఆవు మెడ కింద చేయి వేసి నిమిరాడు. ఆమె లోపలికి పోయి, ఒక గ్లాసులో కాఫీ తెచ్చి అతని చేతికిచ్చింది.

నాకు ఇవ్వలేదు. నేను కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడున్నాయో వెతుక్కున్నాను.